లివా దారిలో నీడ మాయమైన మధ్యాహ్నం

నేను చెప్పేవాటిలో సగం అబద్ధమని దుబాయ్ దగ్గరి సజ్జా కూలీల క్యాంపుల్లో అందరికీ తెలుసు. మిగతా సగం కూడా అంతేనని రాయచోటిలో ఉన్న నా భార్య సాక్ష్యం చెబుతుంది. అందుకని ముందే ఒక మాట. ఈ ప్రయాణం గురించి రాస్తూ ఒక్కచోట మాత్రం కల్పించాను. దారిలో ఒక ఒంటెను పెట్టాను. అది వచ్చినప్పుడు చెబుతాను. మిగతాదంతా జరిగింది జరిగినట్టే రాశాను. ఇలా రాయడం నాకు అలవాటు లేదు కాబట్టి ఎక్కడైనా చప్పగా ఉంటే సర్దుకోండి.

సజ్జా

దుబాయ్‌లో నైఫ్ బజారులోని ఒక కిరాణా అంగడి నుంచి ఉల్లిగడ్డలు, పప్పులు, కూరగాయలు సజ్జా క్యాంపులకు పికప్‌లో చేరవేయడం నా పని. సరుకు దించేటప్పుడు ఊరికే ఉండలేక కథలు చెబుతాను. జెబెల్ అలీ గోదాములో దారి తప్పి మూడు రోజులు బిస్కెట్లు తిని బతికానన్నాను. ఎండకు స్టీరింగు మెత్తబడితే చుట్టలు చుట్టి పట్టుకుని నడిపానన్నాను. వినేవాళ్ళు నవ్వుతారు, వంటాయన టీ ఇస్తాడు, అంతటితో సరి.

ఆ నవ్వేవాళ్ళలో లింగయ్య ఉండడు. జగిత్యాల దగ్గరి పల్లె. స్లాబులకు ఇనుప చువ్వలు కట్టే పని. కథ అయిపోయినా ఇంకా ఏదో ఉందన్నట్టు నా ముఖంలోకి చూస్తూ నిలబడతాడు. క్యాంపులో నా మాటలు నమ్మేది ఈయన ఒక్కడేనని అనుకునేవాణ్ణి.

జూన్ మొదట్లో ఒకరోజు నన్ను పక్కకు పిలిచాడు.

"భాయ్, నువ్వు దేశమంత తిరిగినోనివి. మనిషి నీడ మాయమయ్యే జాగ ఏడన్న ఉన్నదా ఈడ?"

"ఉండకేమప్పా," అన్నాను. "లివా పోయే దారిలో. నేను మూడుసార్లు నిలబడినా ఆడ."

లివా పేరు ఎందుకు వచ్చిందో చెప్పలేను. దూరంగా ఉన్న ఊరి పేరు చెబితే ఎవరూ పోయి చూడరు, అంతే. లింగయ్య మాత్రం ఉల్లిగడ్డల మూట మీద కూలబడి, "మా అన్న గూడ లివా దిక్కే అన్నడు," అన్నాడు.

ఆయన అన్న మల్లయ్య లివా దగ్గర ఒక ఖర్జూరం తోటలో పనిచేసేవాడు. 2020లో, కరోనా ఏడాది, జూన్ ఇరవై ఒకటిన ఇంటికి ఫోన్ చేశాడు. ఆ ఉదయం సూర్యగ్రహణం పట్టింది. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. "ఇయ్యాల మిట్టమధ్యాహ్నం నా నీడ మాయమైంది," అని భార్య రాజవ్వతో చెప్పాడు. జ్వరంతో ఆసుపత్రిలో చేరినవాడు పన్నెండో రోజున అక్కడే కన్నుమూశాడు. విమానాలు లేవు. చివరి కార్యం కూడా ఇక్కడే అయిపోయింది.

గ్రహణం నాడు నీడ పోయిందన్నాడు, పన్నెండు రోజులకు మనిషే పోయాడు. ఊరు ఆ రెంటినీ ముడివేసింది. ఎవరో బాణామతి చేశారన్నారు. చేసిందెవరు? అంతకుముందు పొలం గెట్టు దగ్గర అన్నదమ్ముల రెండిళ్ళకూ గొడవైంది. లింగయ్య భార్య సుజాత నోరు చేసుకుంది. వేలు సుజాత మీదికి తిరిగింది.

"నాలుగేండ్లాయె భాయ్," అన్నాడు లింగయ్య. "మా ఇంట్ల ఎవ్వలు మంచినీళ్ళు ముట్టరు. బతుకమ్మ ఆడంగ దాని పక్కపొంటి ఎవ్వలు నిలవడరు. ఇగ ఈ నెలల పంచాయితి పెడుతున్నరు, ఊరు ఇడిచిపొమ్మంటరట. మా వదినె ఒక్క మాట అంటే ఆగుతది. ఆమె అనది. ఆమెకు గూడ అనుమానమే. ఆ జాగల అందరి నీడ పోతదని సూపియ్యాలె ఆమెకు. మా అన్నది ఒక్కనిదే కాదని."

పంచాయితీ ఇరవై మూడున, ఆదివారం. నీడ పోయే రోజు ఇరవై ఒకటి, శుక్రవారం. ఆ తోటలో మల్లయ్యతో కలిసి పనిచేసిన బలూచీ ముసలాయన నంబరు లింగయ్య దగ్గర ఉంది. నీడ సంగతి ఫోనులో అడిగితే, ఇది ఫోనులో పట్టే విషయం కాదు, ఆ రోజుకు రమ్మన్నాడట.

వంటాయన మా మాటలు విన్నాడు. "మస్తాన్ మాట నమ్మి ఎడారికి వోతవా లింగన్నా? పోయేటప్పుడు ఆ మెత్తని స్టీరింగు గూడ సూసి రా," అన్నాడు. అందరూ నవ్వారు. మొదటిసారి నాకు ఆ నవ్వు నచ్చలేదు.

నైఫ్

గురువారం పని ముగించి బయలుదేరాం. లింగయ్య ముందు నైఫ్‌లో ఆపమన్నాడు. మా అంగడిలోనే అరకిలో బెల్లం, చిన్న డబ్బా ఇంగువ, ఒక పొట్లం ఎండుచేపలు కొన్నాడు. అన్నీ కలిపి ఇరవై దిర్హాములు కాలేదు. నెల్లూరు నుంచి వచ్చిన అంగడి ఆయన, "ఏం లింగయ్యా, వంట ఎవురికి?" అని అడిగితే, "మిరుగానికి," అన్నాడు.

మృగశిర కార్తెను వాళ్ళు మిరుగం అంటారు. రోహిణి ఎండ తగ్గి వానలు మొదలయ్యే కార్తె అది. ఒళ్ళు చల్లబడకుండా బెల్లంలో ఇంగువ కలిపి ఉండచేసి మింగుతారు, చేపలు తింటారు. మా రాయచోటిలో కార్తెలు చూసేది శెనక్కాయ విత్తడానికే. ఈ బెల్లం సంగతి నాకు కొత్త. శుక్రవారంతో మిరుగం వెళ్ళిపోయి ఆరుద్ర వస్తుందట. వానలే లేని ఈ దేశంలో కూడా మల్లయ్య ఏటా ఆ ఉండ మింగేవాడని లింగయ్య చెప్పాడు.

పికప్ అబూధాబీ దాటే వరకు నేను పెద్దగా మాట్లాడలేదు. నేను మాట్లాడలేదని నాతో బండిలో కూర్చున్నవాళ్ళు ఎవరూ ఇంతవరకు అని ఉండరు. అక్కడ నీడ పోకపోతే ఏమవుతుంది? నేను నోటికొచ్చింది చెబితే ఒక మనిషి రోజు కూలి పోగొట్టుకుని వస్తున్నాడు. వెనక్కి తిప్పుదామని రెండుసార్లు అనుకున్నాను. రెండుసార్లూ ఆయన ఒళ్ళో ఉన్న బెల్లం పొట్లం కనిపించింది.

మదీనత్ జాయెద్

లివాకు ముందు వచ్చే పెద్ద ఊరు ఇదే. తెలిసినవాళ్ళ గదిలో పడుకుని, పొద్దున్నే ఒక మలయాళీ కేఫ్టేరియాలో కూర్చున్నాం. పరోటా, గుడ్డు, టీ కలిపి ఆరు దిర్హాములు. దుబాయ్‌లో ఇంకా రెండు ఎక్కువ అడుగుతారు. లింగయ్య టీ మాత్రం తాగాడు.

"తినప్పా, ఎండలో పడిపోతావు."

"నీడ సూసినంక తింట."

ఊరు దాటాక రెండు పక్కలా ఇసుక దిబ్బలు మొదలవుతాయి. దుబాయ్ వైపు ఇసుక తేనెరంగులో ఉంటే ఇక్కడ ఇటుక పొడి రంగు. మధ్యమధ్య కంచెలు వేసిన తోటలు, చెట్లకు వలసంచులు కట్టిన పచ్చి ఖర్జూరం గెలలు. ఒకచోట ఒక ఒంటె దారికడ్డంగా నిలబడి, నా లైసెన్సు అడిగినట్టు కిటికీలోకి తల పెట్టి చూసింది.

ఇదే ఆ ఒంటె. అక్కడ ఒంటె లేదు. నా భయం బయటపడకుండా, ఇంతకుముందు వచ్చినప్పుడు జరిగిందని లింగయ్యకు అప్పటికప్పుడు చెప్పిన కథ అది. ఆయన నవ్వలేదు. నిజంగా జరిగిందేమిటంటే, తోటకు మలుపు తిరిగేచోట చక్రం ఇసుకలో దిగింది. టైర్లలో గాలి తగ్గించి, ఇద్దరం చేతులతో ఇసుక తోడి బయటపడేసరికి ముప్పావుగంట పోయింది. తోట చేరేటప్పటికి పన్నెండుకు పావుగంట తక్కువ.

లాల్ బఖ్ష్ తోట

తోట అర్బాబ్‌ది, అంటే యజమానిది. ఆయన ఈ నెలల్లో ఇటు రాడు. ఉండేది లాల్ బఖ్ష్ ఒక్కడే. తెల్ల గడ్డం, ఎండకు పగిలిన పాదాలు. లింగయ్యను చూడగానే రెండు చేతులూ పట్టుకుని, "మల్లూ కా భాయ్," అన్నాడు. గుడిసె వెనక ఖాళీ స్థలం చూపించాడు. అక్కడ మనిషి కంటే కొంచెం ఎత్తున ఒక పాత నీళ్ళ పైపు నిటారుగా పాతి ఉంది.

"మల్లూ పాతిందే. అక్కడ నిలబడండి, నేను నీళ్ళు తెస్తాను," అని లోపలికి వెళ్ళాడు.

ఎండ నలభై ఎనిమిది. లింగయ్య పైపు పక్కన నిలబడి ఫోనులో వీడియో తీయడం మొదలుపెట్టాడు. అలారం పన్నెండుకు పెట్టుకున్నాడు. నేను పైపు నీడనే చూస్తున్నాను. పడమర వైపు సన్నగా, నల్లగా పడి ఉంది.

అలారం మోగింది. నీడ కదలలేదు. జానెడు ఉంది, కచ్చితంగా జానెడు. లింగయ్య వంగి చెయ్యి పెట్టి కొలిచాడు. పన్నెండూ ఐదు. ఇంకా ఉంది. ఎండకు ఫోను వేడెక్కిపోయి తెర మీద ఏదో హెచ్చరిక చూపించి ఆరిపోయింది. ఆయన ఆ నల్లటి తెరను చూస్తూ ఉండిపోయాడు.

ఇక ఆగలేకపోయాను.

"లింగయ్యప్పా. నేనెప్పుడూ ఈడికి రాలేదు. నీడ సంగతి నాకేం తెలీదు. నోటికొచ్చింది చెప్పినా."

"నాకెరుకే భాయ్."

"ఎరుకా?"

"స్టీరింగు చుట్ట చుట్టుకున్నోని మాట ఎవడు నమ్ముతడు? మా అన్న సంగతి చెప్తే క్యాంపుల అందరు నవ్విండ్రు. నువ్వొక్కనివి నవ్వకుండ ఇన్నవ్. గందుకే నీతోని వచ్చిన." ఫోను జేబులో పెట్టుకుని, "పోదాం పా. ఇగ సుజాతను తోల్కొని ఏడికన్న పోవుడే," అన్నాడు.

అప్పుడే లాల్ బఖ్ష్ నీళ్ళ జగ్గు పట్టుకుని వచ్చాడు. మా ముఖాలు చూశాడు, లింగయ్య చేతిగడియారం చూశాడు.

"యే ఘడీ కా బారా హై," అన్నాడు. "గడియారం పన్నెండు. సూర్యుడి పన్నెండు ఇంకా రాలేదు."

తర్వాత నా వైపు తిరిగాడు. "నీ పేరేంటి? మస్తానా? మధ్యాహ్నం నమాజుకు పిలిచే బాంగు ఎప్పుడిస్తారు నాయనా, గడియారం చూసా, పొద్దు చూసా? పొద్దు నడినెత్తిన ఉన్నంతసేపు ఆగాలి, వాలాక చదవాలి. ఇది నేను చెప్పాలా నీకు?"

చెప్పాల్సిన అవసరం ఉండకూడదు. నేను అయిదు పూటలా చదివేవాణ్ణే అయితే నాకే గుర్తుకొచ్చి ఉండేది. మా నాయన రాయచోటిలో మసీదు గోడ పక్కన పుల్ల గుచ్చి చూసేవాడు. పదహారేళ్ళుగా నేను ఫోను చూసి బాంగు వింటున్నాను. ఈ దేశమంతటికీ గంట ఒకటే, పొద్దు మాత్రం తూర్పున ఉన్నవాళ్ళకు ముందు, పడమరన ఉన్న మాకు వెనక వస్తుంది. పొలం పనిచేసినవాడు, నమాజు చదవాల్సినవాడు, ఇద్దరం గడియారాన్ని నమ్మి నిలబడ్డాం.

"ఎంతసేపు చాచా?"

"నీళ్ళు తాగి, ఒక బీడీ కాల్చేంత."

నా ఫోను తీసి తడిగుడ్డలో చుట్టి, కూరగాయల కోసం పెట్టుకున్న ఐసు డబ్బాలో దాచాను. ముగ్గురం గోడవారగా కూర్చున్నాం. గోడవారన కూడా నీడ వేలెడే ఉంది.

సూర్యుడి పన్నెండు

జానెడు నీడ బెత్తెడైంది. బెత్తెడు రెండు వేళ్ళయింది. పాము తోక పుట్టలోకి జారినట్టు పైపు మొదట్లోకి లాక్కుంటూ పోయింది. పన్నెండూ ఇరవై ఐదుకు నేను ఐసు డబ్బా తెరిచి ఫోను తీశాను. ఇరవై ఏడుకు పైపు చుట్టూ ఏ పక్కా ఏమీ లేదు. ఇసుకలో గుచ్చిన ఇనుము, అంతే.

లింగయ్య తలకు చుట్టుకున్న తువ్వాలు తీసేసి పైపు పక్కన నిలబడ్డాడు. కుడిచెయ్యి పైకెత్తాడు. ముందు, వెనక, రెండు పక్కలా చూసుకున్నాడు. కాళ్ళ కింద చిన్న మరక తప్ప ఆయన నీడ లేదు. నన్నూ రమ్మన్నాడు. నిలబడ్డాను. జీవితంలో మొట్టమొదటిసారి, నేను నోటికొచ్చింది చెప్పిన మాట ఒకటి నా కాళ్ళ కింద నిజమై కనబడింది. ఆ ఎండలో ఒళ్ళు చల్లబడింది. అక్కడున్న బకెట్లో వెలుగు అడుగు దాకా తిన్నగా దిగింది. ఖర్జూరం చెట్లన్నీ తమ నీడలను తమ కిందే పరుచుకుని కూర్చున్నాయి. లాల్ బఖ్ష్ నా ఫోను పట్టుకుని అంతా వీడియో తీశాడు.

ఆ తర్వాత ముసలాయన ఒక ఎండు మట్ట తెచ్చి, పైపుకు ఉత్తరం వైపు ఇసుక ఊడ్చాడు. కింద రాళ్ళు బయటపడ్డాయి. మల్లెమొగ్గల దండలా ఒకదాని వెనక ఒకటి, పైపు నుంచి మనిషి పొడవున వరుస. ఖర్జూరం పెట్టెల మీద గుర్తులు వేసే నల్లరంగుతో ఒక్కో రాయి మీద తెలుగు అక్షరాలు.

లింగయ్య మోకాళ్ళ మీద కూర్చుని వేలు పెట్టి చదివాడు. చివరి రాయి మీద మూల. నడుమ ఒకదాని మీద ఉత్తర. కొన్నిటి మీద రెండేసి పేర్లు, పొద్దు అటు పోయేటప్పుడు ఒకటి, ఇటు తిరిగేటప్పుడు ఒకటి. పైపుకు ఆనుకుని మిరుగం. సరిగ్గా మొదట్లో, పైపును నిలిపిన సిమెంటు దిమ్మ మీద ఆరుద్ర, దాని కింద రెండే మాటలు: నీడ లేదు.

కార్తె మారిన రోజు మధ్యాహ్నం పైపు నీడ ఎక్కడ ఆగితే అక్కడ మల్లయ్య ఒక రాయి పెట్టాడన్నమాట. అర్బాబ్, సుహైల్ అనే నక్షత్రం పొడిచిన రోజు నుంచి పదేసి దినాలుగా ఏడాదిని లెక్కపెట్టేవాడట. మల్లయ్య కార్తెల్లో లెక్కపెట్టేవాడు. ఇద్దరూ ఎప్పుడూ వాదించుకునేవాళ్ళట. ఈ ఒక్కరోజు మీద మాత్రం ఇద్దరి లెక్కా కలిసేదని లాల్ బఖ్ష్ చెప్పాడు.

నీడ లేదు అన్న మాటల పక్కన గీతలున్నాయి. ఐదు నల్లవి, మూడు ఎర్రవి.

"ఏటా ఈ రోజు మల్లూ ఒక గీత గీసేవాడు. ఐదు గీశాడు. తర్వాతి మూడూ నేను గీశాను. ఐదు సార్లు వాడి నీడ పోయింది, వాడితోపాటు నాదీ పోయింది. ఇవాళ్టితో నాకు తొమ్మిది. చూడు, రొట్టెలు బాగానే తింటున్నాను." నవ్వబోయి ఆగి, లింగయ్య భుజం మీద చెయ్యి వేశాడు. "గాలికి ఇసుక కప్పేస్తుంది. ఏడాదికొకసారి ఊడుస్తాను."

"ఐదేండ్లు పోతే, ఇంటికి ఒక్కసారే ఎందుకు చెప్పిండు చాచా?"

"చెబితే నా భార్య అబద్ధమంటుంది, తీసుకొచ్చి చూపిస్తాను అనేవాడు. కరోనా ఏడాది దారులన్నీ మూసేశారు. ఫోనులో ఆమె ఏడుస్తోందట. నవ్విద్దామని చెప్పాడు."

లింగయ్య బెల్లం పొట్లం విప్పి, ఇంగువ కలిపి నాలుగు ఉండలు చేశాడు. మాకు మూడు. నాలుగోది పైపు మొదట్లో పెట్టాడు. ఎర్రరంగు డబ్బా అడిగి తీసుకుని తొమ్మిదో గీత తనే గీశాడు. ఆ తర్వాతే అన్నం తిన్నాడు. ఎండుచేపల కూర లాల్ బఖ్ష్ వండాడు. మేము రాయలసీమలో తినేంత కారం వేసినా లింగయ్య చప్పగా ఉందన్నాడు.

తారురోడ్డు మీద

తోటలో వీడియో పంపేంత సిగ్నల్ అందదు. తారురోడ్డు దాకా వచ్చి, బండి పక్కకు ఆపి, నీడలేని వీడియో, రాళ్ళ వీడియో రెండూ రాజవ్వకు పంపాం. లింగయ్య పది నిమిషాలు ఆగి మామూలు కాల్ చేశాడు. స్పీకరు పెట్టాడు. ఇండియాలో అప్పుడు మూడున్నర దాటి ఉంటుంది.

"సూసినవా వదినే?"

కాల్ తెగిందేమోనని ఆయన తెర చూసుకున్నాడు.

"ఆయన రాతనే," అంది రాజవ్వ. "ఆరుద్ర కింద గీతలెన్ని?"

"నల్లయి ఐదు. ఐదేండ్లు వోయింది అన్న నీడ. ఇయ్యాల నాది గూడ వోయింది. ఈ బండి నడిపే మస్తాన్ భాయ్‌ది గూడ వోయింది. మంచిగనే ఉన్నం."

"ఐదేండ్లా. మరి నాకు ఒక్కపారే చెప్పిండేంది?"

లింగయ్య నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

"నువ్వు ఏడుస్తున్నవని చెప్పిండట వదినే. నవ్వియ్యాలని."

పక్కన ఒక నీళ్ళ ట్యాంకరు వెళ్ళిపోయింది.

"నేను నవ్వలే లింగయ్యా," అంది ఆమె. "తిట్టిన. గ్రహణం పూట ఇసువంటి మాటలేందని తిట్టి ఫోన్ పెట్టేసిన."

లింగయ్య ఫోనును ఇంకా దగ్గరికి తెచ్చుకున్నాడు.

"ఫోన్ పెట్టకు," అంది.

అడుగుల చప్పుడు వినబడింది. తలుపు కిర్రుమంది. కోళ్ళు అరిచి పక్కకు తప్పుకున్నాయి. వాళ్ళ రెండిళ్ళ నడుమ పన్నెండడుగుల గల్లీ ఉందని లింగయ్య దారిలో చెప్పాడు. ఆ పన్నెండడుగులూ నేను లెక్కపెట్టుకుంటూ విన్నాను. తర్వాత గడప దగ్గర గాజుల చప్పుడు, ఎవరో గబుక్కున లేచి నిలబడిన చప్పుడు.

"సుజాతా, ఇటు రా. మీ బావ రాసింది సూడు."

ఒక సన్నటి ఊపిరి వినబడింది. లింగయ్య ఫోనును రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఎందుకు అట్ల నిలవడ్డవ్?" అంది రాజవ్వ. "ఎండల వచ్చిన. దూప అయితాంది. నీళ్లియ్యి."

కుండ మీది మూత జరిగింది. చెంబు మునిగింది. ఎవరో ఆగకుండా, గుక్కగుక్కగా, చెంబెడు నీళ్ళూ తాగిన చప్పుడు లివా దారి మీద మా ఇద్దరికీ స్పష్టంగా వినబడింది.

లింగయ్య బండి దిగి నాకు వీపు చేసి నిలబడ్డాడు. పొద్దు వాలుతోంది. ఆయన నీడ మళ్ళీ వచ్చి, తూర్పు వైపు జానెడు, మూరెడు, నేను చూస్తుండగానే సాగుతూ పోయింది.